పుష్ప 2 నుంచి ఎల్డెన్ రింగ్ దాకా ఒకే టీవీ మీద: చాలాకాలం వాడిన తర్వాత

ఇంట్లో చూసిన సినిమా మసగ్గా ఉందనీ, మాటలు వినపడలేదనీ, గేమ్‌లో నొక్కిన బటన్ ఆలస్యంగా పనిచేస్తోందనీ చాలామంది అంటుంటారు. ఆ ఫిర్యాదుల్లో సగానికి పైగా సినిమా తప్పూ కాదు, గేమ్ తప్పూ కాదు. టీవీని గోడకు తగిలించిన రోజు ఉన్న సెట్టింగులే ఈరోజుకీ ఉండటం వల్ల వచ్చే తిప్పలు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. గేమ్ 60 ఫ్రేములతో, కొన్నిసార్లు 120తో నడుస్తుంది. పొద్దున్నే వచ్చే భక్తి ఛానల్ లెక్క వేరు. ఈ మూడింటినీ ఒకే పిక్చర్ మోడ్‌లో చూస్తే మూడూ చెడతాయి. ఈ మధ్య బాగా నచ్చిన సినిమాలు, సిరీస్‌లు, గేముల గురించి రాస్తూ, దేనికి ఏం మార్చుకుంటే అది తీసినవాళ్ళు అనుకున్నట్టు కనిపిస్తుందో కూడా చెబుతాను.

వాడుతున్న సామాను: 55 అంగుళాల 4కె మినీ ఎల్‌ఈడీ టీవీ, 120 హెర్ట్జ్ ప్యానెల్, మధ్యలో మాటల కోసం విడి స్పీకర్ ఉన్న 3.1 సౌండ్‌బార్, దానితో వచ్చిన సబ్‌వూఫర్, ప్లేస్టేషన్ 5 (పీఎస్5) గేమ్ కన్సోల్. సోఫా నుంచి తెరకు దూరం ఏడడుగులు. 55 అంగుళాలకు ఇది సరిపోతుంది. పది అడుగులు దాటితే 4కెకి పెట్టిన డబ్బుకు అర్థం ఉండదు, కంటికి ఆ తేడా అందదు.

ఓఎల్‌ఈడీ ఎందుకు తీసుకోలేదని అడుగుతారు. నలుపు ఓఎల్‌ఈడీలోనే అసలైన నలుపు, అందులో అనుమానం లేదు. కానీ తిరుపతి ఇళ్ళలో టీటీడీ భక్తి ఛానల్ ఎస్‌వీబీసీ పెట్టారంటే గంటల తరబడి నడుస్తుంది. సుప్రభాతం, మధ్యాహ్నం కల్యాణోత్సవం, బ్రహ్మోత్సవాలొస్తే తొమ్మిది రోజులూ వాహన సేవలు. ఛానల్ లోగో, కింద నడిచే పట్టీ ఎప్పుడూ ఒకే చోట ఉంటాయి. రోజూ ఇన్ని గంటలు, ఏళ్ళ తరబడి ఇలా నడిస్తే ఓఎల్‌ఈడీ మీద ఆ చోట శాశ్వతంగా మచ్చ పడే ప్రమాదం ఉంది. గేముల్లో మూలన కనిపించే ప్రాణం గీత, మ్యాపు కూడా అంతే. ఇంట్లో పెద్దవాళ్ళు, భక్తి ఛానల్ ఉన్నచోట మినీ ఎల్‌ఈడీయే నిశ్చింత. దానికున్న లోపం ఒక్కటే, చీకటి సీన్‌లో తెల్లటి అక్షరాల చుట్టూ లేత వెలుగు కమ్ముకుంటుంది. దాని సంగతి షోగన్ సిరీస్ దగ్గర చెబుతాను.

ముందు పుష్ప 2. మన జిల్లా యాస, మన కొండల ఎర్రచందనం, మన గంగమ్మ జాతర ఉన్న సినిమా కాబట్టి ఇక్కడివాళ్ళు దీన్ని మామూలు సినిమాగా చూడలేరు, నేనూ చూడలేను. నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నది అదనపు సీన్లు కలిపిన పొడుగాటి వెర్షన్, మూడు గంటల నలభై నిమిషాలు దాటుతుంది. ఇంట్లో రెండు విడతలుగా చూడటమే మేలు. మొదటి భాగం మాత్రం ప్రైమ్ వీడియోలో ఉంది, వరుసగా చూద్దామనుకునేవాళ్ళు అది గుర్తుంచుకోవాలి.

జాతర ఘట్టం దగ్గరే ఇంటి టీవీకి అసలు పరీక్ష. తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వారం పాటు జరుగుతుంది. ఆడవాళ్ళను చెరపట్టిన పాళెగాడు అమ్మవారికి భయపడి దాక్కుంటే, వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం వేసిందని కథ. అందుకే బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ వరుస ఉంటుంది, మగవాళ్ళు చీర కట్టి మొక్కు తీర్చుకుంటారు. నీలం పూసిన ఒళ్ళు, చీర, మెడలో నిమ్మకాయల దండతో అల్లు అర్జున్ చేసింది వట్టి హీరో గెటప్ కాదని ఇక్కడ పెరిగినవాళ్ళకు ఒక్క చూపులో తెలుస్తుంది. ఒంట్లోకి పూనకం దిగేటప్పుడు భుజం, మెడ, కళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మారతాయి, ఆ క్రమం తప్పకుండా పట్టుకున్నాడు. సినిమా మొత్తం మీద నాకు నచ్చింది అదే. అసలు జాతరలో వేషాలు పట్టపగలు ఎండలో, వీధుల్లో తిరుగుతాయి; సినిమాలో రాత్రి, పొగ, ఎర్రటి వెలుగు.

ఆ పొగతోనే టీవీకి చిక్కు. స్ట్రీమింగ్‌లో బొమ్మను కుదించి పంపుతారు. కదలకుండా ఉన్న గోడను కుదించడం తేలిక. పొగ, నిప్పురవ్వలు, ఎగిరే కుంకుమ ప్రతి ఫ్రేములోనూ మారిపోతాయి కాబట్టి వాటికి ఎక్కువ డేటా కావాలి. నెట్ సరిగా లేకపోతే ఎరుపు చదరాలు చదరాలుగా విడిపోయి, పొగ మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 4కెకి కనీసం 15 ఎంబీపీఎస్ అడుగుతుంది, గంటకు 7 జీబీ దాకా లాగుతుంది. 4కె కావాలంటే నెలకు 649 రూపాయల ప్రీమియం ప్లాన్ ఉండాలి. 499 ప్లాన్‌లో హెచ్‌డీ వరకే. ఫైబర్ 100 ఎంబీపీఎస్ ఉన్నా, రౌటర్ పడగ్గదిలో ఉండి టీవీ హాల్లో ఉంటే మధ్యలో రెండు ఇటుక గోడలు వేగాన్ని మింగేస్తాయి. వైఫై పేర్లలో 5 గిగాహెర్ట్జ్ ఉన్నది ఎంచుకోండి. అదీ అందకపోతే కేబుల్ లాగండి. చాలా టీవీల్లో కేబుల్ పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ దగ్గర ఆగిపోతుంది, సినిమాకు అది ధారాళం.

ఇక మాటలు. పుష్పరాజ్ మాట్లాడేది చిత్తూరు యాస, అందులోనూ నోరు ఒక పక్కకు పెట్టి, నములుతూ. తిరుపతివాళ్ళకే కొన్ని మాటలు జారిపోతాయి. టీవీలో ఉండే స్పీకర్లు చాలావరకు కిందికి తిరిగి ఉంటాయి, శబ్దం గోడకో బల్లకో తగిలి మన దగ్గరికొస్తుంది. పైగా 5.1లో మాటలన్నీ మధ్య ఛానల్లో ఉంటాయి. రెండు స్పీకర్లకు కుదించేటప్పుడు అవి పక్క ఛానళ్ళ సంగీతంతో కలిసిపోతాయి. మాట వినపడలేదని సౌండ్ పెంచుతాం, అంతలో జాతర పలకలు (డప్పులు) మోగుతాయి, కింది పోర్షన్ వాళ్ళు పైకి వస్తారు. సెంటర్ స్పీకర్ ఉన్న చవక సౌండ్‌బార్, అది లేని ఖరీదైన సౌండ్‌బార్ కన్నా మన సినిమాలకు మేలని గట్టిగా చెప్పగలను. సౌండ్‌బార్‌ను హెచ్‌డీఎంఐ ఈఏఆర్‌సీ అని రాసున్న పోర్టుకే తగిలించాలి, టీవీ శబ్దాన్ని బార్‌కు పంపేది అదే. టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎంలో ఉంటే ఆటో లేదా పాస్ త్రూకు మార్చాలి, లేకపోతే చాలా టీవీల్లో బార్‌కు రెండు ఛానళ్ళే వెళ్తాయి. సినిమా పెట్టాక ఆడియో జాబితాలో తెలుగు పక్కన 5.1 ఉందో లేదో చూడాలి. రాత్రి పది తర్వాత సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ వేస్తే పెద్ద మోతలు తగ్గి, చిన్న మాటలు పైకి వస్తాయి.

సబ్‌వూఫర్‌ను గది మూలన తోసేస్తే పలకల దెబ్బ విడివిడిగా వినపడదు, అంతా ఒకటే గూఁ అంటుంది. మూల నుంచి ఒకటిన్నర అడుగు బయటికి జరిపితే దెబ్బ తర్వాత దెబ్బ తెలుస్తుంది. మన ఇళ్ళలో టైల్స్ నేల, ఉత్త గోడలు, అందుకే మాట ప్రతిధ్వనిస్తుంది. సోఫా ముందు మందపాటి జంపఖానా పరిచి, కిటికీలకు బరువైన కర్టెన్ వేస్తే తేడా అప్పటికప్పుడే వినిపిస్తుంది. దీనికయ్యే ఖర్చు బార్ ధరలో పదో వంతు కూడా ఉండదు.

పుష్ప అడవుల రంగు గురించి ఒక మాట. మొదటి భాగంలో అడవి చాలావరకు మారేడుమిల్లిలో తీశారు. అది తేమ అడవి, నిండు పచ్చదనం. ఎర్రచందనం పెరిగే శేషాచలం ఎండు అడవి, ఎర్రమట్టి, రాతి బండలు, వేసవిలో ఆకు రాలిపోతుంది. మామండూరు వైపు ఒక్కసారి వెళ్ళొచ్చినవాళ్ళకు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. టీవీ వివిడ్ మోడ్‌లో ఉంటే ఆ పచ్చ ఇంకా మండిపోతుంది, మనుషుల ముఖాలు నారింజ రంగుకు తిరుగుతాయి. సినిమాలకు ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టండి. అది లేకపోతే సినిమా మోడ్ పెట్టి, రంగు ఉష్ణోగ్రత వార్మ్ 2కు మార్చండి. మొదటి రెండు రోజులు పసుపుగా అనిపిస్తుంది, కన్ను అలవాటు పడ్డాక పాత మోడ్ నీలంగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముందు ఆపాల్సింది మోషన్ స్మూతింగ్. ఎల్‌జీ దీన్ని ట్రూమోషన్ అంటుంది, సోనీ మోషన్‌ఫ్లో అంటుంది, శాంసంగ్ పిక్చర్ క్లారిటీ కింద పెడుతుంది. లేని ఫ్రేములను టీవీయే ఊహించి మధ్యలో దూరుస్తుంది, దాంతో కోట్లు పెట్టి తీసిన ఫైట్ డైలీ సీరియల్‌లా జారిపోతుంది. 120 హెర్ట్జ్ ప్యానెల్ అయితే 24 ఫ్రేముల్లో ఒక్కొక్కటీ సరిగ్గా ఐదేసి సార్లు పడుతుంది, కదలిక సమానంగా ఉంటుంది. 60 హెర్ట్జ్ ప్యానెల్ మీద ఒక ఫ్రేము రెండు సార్లు, తర్వాతది మూడు సార్లు పడి, కెమెరా మెల్లగా పక్కకు తిరిగే చోట చిన్న కుదుపు వస్తుంది. అది కళ్ళకు మరీ ఇబ్బందైతే స్మూతింగ్‌ను పూర్తిగా తీసేయకుండా 1 లేదా 2 దగ్గర ఉంచుకోవచ్చు.

కల్కి 2898 ఏడీ ఇంట్లో రెండోసారి చూస్తేనే బాగుంది. మొదటి గంట ఆ లోకాన్ని పరిచయం చేయడానికే పోతుంది, కథ కదలదు. అశ్వత్థామగా అమితాబ్ వచ్చిన ప్రతి చోటా సినిమా ఎత్తుకెళ్తుంది. తెలుగులో ప్రైమ్ వీడియోలో, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. తెలుగు కావాలంటే ఎక్కడ వెతకాలో తెలియక చాలామంది హిందీలో చూసేశారు.

సిరీస్‌లలో ఈ మధ్య కాలంలో షోగన్‌ను మించింది నాకు కనపడలేదు. 2024లో వచ్చింది, పది ఎపిసోడ్లు, ఆ ఏడాది ఎమ్మీల్లో 18 అవార్డులు. కథ జరిగేది 1600 నాటి జపాన్‌లో. అధికారం కోసం కత్తులకన్నా మౌనాలు ఎక్కువ పనిచేసే కథ ఇది. ఒక ఎపిసోడ్ వదిలేస్తే ఎవరు ఎవరి పక్షమో అందదు. ఫోన్ చేతిలో పెట్టుకుని చూసే సిరీస్ కాదు. మాటల్లో ఎక్కువ భాగం జపనీస్, అలాగే చూడాలి. డబ్బింగ్‌లో పెడితే ఓడ నడిపే ఇంగ్లీషువాడికి ఎదుటివాళ్ళ భాష అర్థం కాకపోవడమనే ఇరుసే విరిగిపోతుంది. సబ్‌టైటిల్స్ తప్పవు కాబట్టి మినీ ఎల్‌ఈడీ వెలుగు సమస్య ఇక్కడే బయటపడుతుంది. దీపం వెలుగులో తీసిన గది, అడుగున తెల్లటి అక్షరాలు, వాటి చుట్టూ బూడిద రంగు మేఘం. లోకల్ డిమ్మింగ్‌ను (చీకటి చోట తెర వెనక దీపాలను తగ్గించే సెట్టింగ్) హై నుంచి మీడియంకు దించి, సబ్‌టైటిల్ రంగు మార్చే వీలున్న యాప్‌లో లేత బూడిద రంగు ఎంచుకుంటే చాలావరకు పోతుంది. గదిలో పూర్తి చీకటి కాకుండా టీవీ వెనక చిన్న బల్బు వెలిగిస్తే మిగతాది కూడా కంటికి ఆనదు.

షోగన్ నచ్చినవాళ్ళు తర్వాత పట్టుకోవాల్సినవి రెండు గేములు. ఘోస్ట్ ఆఫ్ సుషిమా కథ 1274లో మంగోలుల దాడితో మొదలవుతుంది, 2025 అక్టోబరులో వచ్చిన ఘోస్ట్ ఆఫ్ యోతే 1603లో నడుస్తుంది. సుషిమాలో దారి చూపడానికి తెర మీద బాణం గుర్తు ఉండదు. కంట్రోలర్ టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే గాలి వీస్తుంది, గడ్డి వంగిన వైపు వెళ్ళాలి. ఓపెన్ వరల్డ్ గేముల్లో ఇంత తెలివైన ఏర్పాటు అరుదు, కళ్ళు మ్యాపు మీద కాకుండా నేల మీద ఉంటాయి. కత్తియుద్ధంలో నాలుగు నిలువులు (స్టాన్స్‌లు, కత్తి పట్టి నిలబడే తీర్లు) ఉన్నాయి: కత్తి పట్టినవాడికి స్టోన్, డాలు ఉన్నవాడికి వాటర్, బల్లెం వాడికి విండ్, భారీ మనిషికి మూన్. గుంపు మీద పడినప్పుడు ఇవి మార్చకుండా ఒకే నిలువుతో కొట్టేవాళ్ళే గేమ్ కష్టమని వదిలేస్తారు. కొంత చేయి తిరిగాక లీథల్ కష్టస్థాయికి మారండి. శత్రువు ఒకటి రెండు దెబ్బల్లో పడతాడు, మనమూ అంతే. నాకు నార్మల్ కన్నా ఇదే న్యాయంగా అనిపిస్తుంది.

సుషిమాలో మూడో అంకానికి వచ్చేసరికి వెంటాడే మిషన్లు, శిబిరాలు మళ్ళీ మళ్ళీ అవే. యోతేలో ఆ విసుగు తగ్గించారు, నిలువులకు బదులు ఆయుధాలే మారతాయి, మంచు కొండల మీద వెలుగు చూడటానికే గుర్రం ఆపాలనిపిస్తుంది. కథ మాత్రం పగ తీర్చుకోవడమనే ఒక్క దారిలో పోతుంది, సుషిమా హీరో జిన్ పడే లోపలి నలుగుబాటు ఇందులో అంత లేదు. రెంటిలో ఒకటే కొనగలిగితే సుషిమా డైరెక్టర్స్ కట్ కొనండి.

ఇక్కడి నుంచి టీవీని గేమ్ మోడ్‌లోకి మార్చాలి. సినిమా మోడ్‌లో టీవీ బొమ్మను సరిదిద్దుకోవడానికి సమయం తీసుకుంటుంది, అది వంద మిల్లీసెకన్లు దాటొచ్చు. గేమ్ మోడ్‌లో మంచి టీవీలు పది, పదిహేను దగ్గరికి దిగుతాయి. 60 ఫ్రేముల గేమ్‌లో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. అంటే సినిమా మోడ్‌లో ఆడేవాడు ఆరేడు ఫ్రేములు పాతబడ్డ బొమ్మను చూసి బటన్ నొక్కుతున్నాడు. పీఎస్5లో ఏఎల్ఎల్ఎం ఆటోమేటిక్‌లో ఉంచితే గేమ్ తెరిచినప్పుడు టీవీ తనంతట తానే మారుతుంది.

టీవీ వెనక నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా చాలా మోడళ్ళలో రెండే 2.1వి, అందులో ఒకటి ఈఏఆర్‌సీ. అది సౌండ్‌బార్‌కు పోతే కన్సోల్‌కు మిగిలింది ఒక్కటే. సెట్ టాప్ బాక్స్ పెట్టడానికొచ్చిన కుర్రాడు చేతికందిన పోర్టులో, సాధారణంగా ఇందులోనే, వైరు గుచ్చేసి పోతాడు. పోర్టు దగ్గర 4కె 120 అని చిన్నగా రాసుంటుంది, చూసుకోండి. ఆ పోర్టుకు టీవీ మెనూలో ఎన్‌హాన్స్‌డ్ లాంటి పేరున్న సెట్టింగ్ కూడా ఆన్ చేయాలి, లేకపోతే 120 హెర్ట్జ్, వీఆర్‌ఆర్ (గేమ్ ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర వేగం మారే సౌకర్యం) రెండూ కనపడవు. కేబుల్ మారిస్తే అల్ట్రా హై స్పీడ్ అని రాసి, స్కాన్ చేసే లేబుల్ ఉన్నదే కొనాలి. పీఎస్5 సెట్టింగుల్లో హెచ్‌డీఆర్‌ను (వెలుగు నీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) ఆల్వేస్ ఆన్‌లో పెట్టొద్దు, ఆన్ వెన్ సపోర్టెడ్‌లో పెట్టండి. మొదటిది మామూలు వీడియోను కూడా బలవంతంగా హెచ్‌డీఆర్ చేసి రంగు పాలిపోయేలా చేస్తుంది. ఇంకో మాట, సినిమాలు కన్సోల్లోని యాప్‌లలో చూడకండి. పీఎస్5లో డాల్బీ విజన్ అనే మెరుగైన హెచ్‌డీఆర్ లేదు, టీవీలోని యాప్‌లో ఉంటుంది, కరెంటూ తక్కువ పడుతుంది.

ఎల్డెన్ రింగ్ దగ్గర ఈ మిల్లీసెకన్లన్నీ లెక్కకొస్తాయి. 2022 ఫిబ్రవరిలో వచ్చింది, 2024 జూన్‌లో షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే విస్తరణ వచ్చింది. ఇంత నిండైన గేమ్ ఈ దశాబ్దంలో మరొకటి లేదని నా నమ్మకం. ఏ కొండ కనిపించినా ఎక్కొచ్చు, ఏ గుహలో దూరినా ఏదో ఒకటి ఉంటుంది, ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పరు. అదే మొదటి పది గంటలు చాలామందిని తరిమేస్తుంది కూడా.

పీఎస్5 వెర్షన్‌లో ఫ్రేమ్ రేట్ మోడ్ పెట్టినా 60 నిలబడదు, బయట తిరిగేటప్పుడు తగ్గుతుంది. వీఆర్‌ఆర్ ఉన్న టీవీ అయితే ఆ తగ్గుదల పెద్దగా తెలియదు. వీఆర్‌ఆర్ లేనివాళ్ళు పీఎస్5 మీదే పీఎస్4 వెర్షన్ వేసుకోవాలి. బొమ్మ కాస్త మెత్తబడుతుంది కానీ 60 ఫ్రేములు కదలకుండా ఉంటాయి. లైబ్రరీలో గేమ్ దగ్గర మూడు చుక్కలు నొక్కితే వెర్షన్ ఎంచుకోవచ్చు. ఇది మొదలుపెట్టక ముందే తేల్చుకోవాలి. పీఎస్4 సేవ్‌ను తర్వాత పీఎస్5కు తీసుకెళ్ళొచ్చు, పీఎస్5 సేవ్‌ను వెనక్కి తేలేరు.

స్టార్మ్‌వీల్ కోట ముందు నిలబడే మార్గిట్ అనే బాస్ దగ్గరే కొత్తవాళ్ళలో ఎక్కువమంది ఆగిపోతారు. వాడు కర్ర ఎత్తి, గాల్లోనే ఆపి, మనం దొర్లిపోయాక కొడతాడు. కర్ర లేవగానే కాకుండా కిందికి కదలడం మొదలయ్యాక దొర్లాలి. అయినా ముందు వాడి దగ్గరికి పోనక్కర్లేదు. దక్షిణాన వంతెన దాటితే వీపింగ్ పెనిన్సులా ఉంది, అక్కడ తిరిగి రండి. లెవెల్ పెరిగినప్పుడల్లా పాయింట్లు ప్రాణం గీతను పెంచే వైగర్‌లో వేయండి, మొదట 20, తర్వాత 40 దాకా. బలం మీద పోసినవాడికి కత్తి దెబ్బ కొంచెం పెరుగుతుంది, వైగర్ మీద పోసినవాడు ఇంకో దెబ్బ తట్టుకుని నిలబడతాడు. కత్తి బలం అసలు పెరిగేది దారిలో దొరికే స్మితింగ్ స్టోన్లనే రాళ్ళతో. చర్చ్ ఆఫ్ ఎల్లే లోని దాగలి మీద ప్లస్ 3 దాకా మీరే చేసుకోవచ్చు. గుర్రం దొరికాక రాత్రిపూట అదే చర్చికి వెళ్తే రెన్నా అనే ఆమె గంట ఇస్తుంది, దానితో తోడుగా ఆత్మలను పిలవొచ్చు. ఇది తెలియకే ఒంటరిగా ఆడి విసిగిపోయినవాళ్ళు ఎందరో.

కవచాల బరువు చూసుకోండి. మోయగల బరువులో 70 శాతం దాటితే దొర్లడం బరువెక్కుతుంది, తప్పించుకునే అవకాశం సగం పోతుంది. విస్తరణలోకి వెళ్ళాలంటే రాడాన్, మోగ్ అనే ఇద్దరు బాస్‌లను ముందే ఓడించాలి. అక్కడ మామూలు లెవెల్ కన్నా ఏరుకోవాల్సిన స్కాడుట్రీ ఫ్రాగ్మెంట్లనే ముక్కలే ముఖ్యం, 50 దొరికితే 20వ స్థాయి, దెబ్బా పెరుగుతుంది తట్టుకునే శక్తీ పెరుగుతుంది. విస్తరణ మరీ కష్టమని తిట్టినవాళ్ళలో చాలామంది ఇవి ఏరకుండా నేరుగా బాస్ మీదికి పోయినవాళ్ళే. ఇందులో పాజ్ బటన్ లేదంటారు, ఒక దారి ఉంది. ఆఫ్‌లైన్‌లో ఇన్వెంటరీ తెరిచి, హెల్ప్ నొక్కి, మెనూ ఎక్స్‌ప్లనేషన్ పెడితే ఆట ఆగుతుంది. కుక్కర్ విజిల్ వేసినప్పుడో, గ్యాస్ బండ వచ్చినప్పుడో పనికొస్తుంది.

ఇంట్లో ఇద్దరు కలిసి ఆడటానికి ఇట్ టేక్స్ టు. ఒక్కరే ఆడటానికి వీలే లేని గేమ్, రెండు కంట్రోలర్లు తప్పనిసరి. పిల్లలకు ఆస్ట్రో బాట్, అందులో అనుమానమే వద్దు. కంట్రోలర్ కంపనాన్ని అంత బాగా వాడిన గేమ్ ఇంకోటి లేదు, ఇసుక మీద నడిచినా వానలో నిలబడ్డా చేతికి తెలుస్తుంది.

ది లాస్ట్ ఆఫ్ అస్ సిరీస్ చూడాలా గేమ్ ఆడాలా అంటే, ముందు గేమ్. మూడే బుల్లెట్లు మిగిలి, పక్క గదిలో ఎవరో ఉన్నారన్న భయం ఆడినవాడికే దక్కుతుంది. సిరీస్‌లో ఆ లెక్క ఉండదు. సిరీస్ గెలిచింది మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో, గేమ్‌లో పక్కనుంచి పోయిన ఒక మనిషి జీవితాన్ని పూర్తిగా చూపించిన చోట.

తెలుగులో ఈటీవీ విన్‌లో వచ్చిన 90స్ సిరీస్‌కు పైన చెప్పిన సామాను ఏదీ అక్కర్లేదు. టీవీ స్పీకర్లతోనే చాలు. శివాజీ తండ్రి పాత్రను ఎక్కడా గొంతు పెంచకుండా నడిపిన తీరు కోసం ఇంట్లో అందరూ కూర్చుని చూడొచ్చు.

ఇక తిరుపతి ఎండ. పీఎస్5 పనిచేయాల్సిన వాతావరణం 5 నుంచి 35 డిగ్రీలని కంపెనీయే రాసింది. మే నెలలో ఇక్కడ బయట 40 దాటుతుంది. పై అంతస్తులో స్లాబు కింద గది రాత్రి తొమ్మిదికి కూడా 35 కిందికి రాదు. ఏసీ లేని గదిలో ఆ నెలల్లో తెల్లవారుజామున ఆడటమే మంచిది. అద్దాల షోకేసులో కన్సోల్ పెట్టొద్దు, వెనక, పక్కల 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. రూమ్ కూలర్ గాలి నేరుగా టీవీ మీదికో కన్సోల్ మీదికో కొట్టకూడదు. ఆ గాలిలో తేమ ఉంటుంది, బోరు నీళ్ళు పోస్తే తుంపరతో పాటు తెల్లటి పొడి కూడా వచ్చి రంధ్రాల్లో పేరుకుంటుంది.

దుమ్ము మూడు నెలలకోసారి తీయాలి. కన్సోల్ ఆపి, ప్లగ్ పీకి, చల్లారనిచ్చి, పక్క పలకలు విప్పితే దుమ్ము చేరడానికే చేసిన రెండు రంధ్రాలు కనిపిస్తాయి. వ్యాక్యూమ్ క్లీనర్‌ను తక్కువ వేగంలో పెట్టి అక్కడ పీల్చాలి. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, గాలికి అది గిర్రున తిరిగితే బేరింగుకు మంచిది కాదు. దుమ్ము పట్టిన కన్సోల్ ముందుగా చెప్పేది చప్పుడుతోనే, ఫ్యాన్ హోరు పెరిగిందంటే శుభ్రం చేసే వేళయిందని.

100 నుంచి 240 వోల్టుల మధ్య వోల్టేజీ తగ్గినా పెరిగినా టీవీ, పీఎస్5 తట్టుకుంటాయి. స్టెబిలైజర్ లేకపోవడం కన్నా ముప్పు హఠాత్తుగా పోయే కరెంటు. గేమ్ సేవ్ రాస్తున్న క్షణంలో పోతే ఆ ఫైలు పాడవొచ్చు. ఇన్వర్టర్ మీద పెట్టేవాళ్ళు సైన్ వేవ్ రకమే వాడాలి, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. మామూలు మోడ్‌లో మారే వ్యవధి ఎక్కువ, కన్సోల్ ఆరిపోతుంది. గేమ్ నడిచేటప్పుడు కన్సోల్ దాదాపు 200 వాట్లు, టీవీ, బార్ కలిపి ఇంకో 150. మంచి స్థితిలో ఉన్న 150 ఏహెచ్ బ్యాటరీ మీద రెండున్నర, మూడు గంటలు వస్తుంది, ఫ్యాన్లు కూడా దానిమీదే ఉంటే ఇంకా తక్కువ. కరెంటు పోయాక మెనూలు నత్తనడక నడిస్తే, కన్సోల్ ఆపి, పవర్ బటన్‌ను రెండో బీప్ వినిపించేదాకా నొక్కి పట్టుకోండి, సుమారు ఏడు సెకన్లు. కంట్రోలర్‌ను వైరుతో కలిపి, క్లియర్ కాష్ అండ్ రీబిల్డ్ డేటాబేస్‌లో రీబిల్డ్ ఎంచుకుంటే సర్దుకుంటుంది, గేములు పోవు. సాయంత్రపు ఉరుముల వానలో మాత్రం ప్లగ్గుతో పాటు డిష్ వైరు, నెట్ వైరు కూడా పీకేయాలి. పిడుగుపాటు చాలాసార్లు వచ్చేది ఆ దారినే.

కొత్త పెద్ద గేమ్ దాదాపు 5,000 రూపాయలు. డిస్క్ డ్రైవ్ ఉన్న కన్సోల్ కొంటే ఆడేసిన డిస్కు అమ్ముకోవచ్చు, పాతది కొనుక్కోవచ్చు. డిజిటల్‌లో కొన్నది అమ్మలేరు. తొలి పీఎస్5లో 825 జీబీ అన్నా వాడుకోవడానికి దక్కేది 667 మాత్రమే, నాలుగైదు పెద్ద గేములకే నిండుతుంది. అదనపు ఎస్‌ఎస్‌డీ వేసుకోవాలంటే జెన్ 4 ఎన్‌వీఎంఈ, చదివే వేగం సెకనుకు 5,500 ఎంబీ దాటినది, హీట్‌సింక్ తప్పకుండా. మన ఎండలకు హీట్‌సింక్ లేకుండా వేయించుకోమని ఏ దుకాణంవాడు చెప్పినా వినకండి.